గోడ మీద చారను కొలుచుకుపోండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం ఇంటికి రంగులు వేయించాం. హాల్లో స్విచ్‌బోర్డుకు కాస్త కింద, నేల నుంచి నాలుగడుగుల రెండంగుళాల ఎత్తున ఉన్న బురద చారను మాత్రం పెయింటర్‌ను ముట్టుకోనివ్వలేదు. 2015 డిసెంబరు వరదల్లో చెన్నైలోని అడయారు నది మా ఇంట్లో వదిలిపోయిన గుర్తు అది. మా ఆవిడకు కోపం వచ్చింది, వేరే సంగతి.

అప్పుడు చెంబరంబాక్కం చెరువు నుంచి వదిలింది 29 వేల క్యూసెక్కులని లెక్క. నలభై ఏళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌గా మ్యాపులు గీసిన నాకే, ఆ అంకె మా జాఫర్‌ఖాన్‌పేట వీధిలో ఎన్నడుగులవుతుందో అంతుపట్టదు. పైగా నదిలోకి వచ్చేది ఆ చెరువు నీరొక్కటే కాదు. తాంబరం, ముడిచ్చూరు, మణ్ణివాక్కం చెరువులు పొర్లినా వచ్చి పడేది అడయారులోకే. ఆ వరదలప్పుడు ఒక్కరోజులోనే తాంబరంలో 49 సెంటీమీటర్లు కురిసింది. చెంబరంబాక్కం గేట్లు మూసినంత మాత్రాన ఆ నీరు ఆగుతుందా?

అలాగని 2015లో ఎక్కడెక్కడ మునిగిందో చూపే మ్యాపునే పట్టుకుని కూర్చున్నా లాభం లేదు. 2023లో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు నెల్లూరు నుంచి మా అక్క ఫోన్ చేసి, ‘మీకేం టెన్షన్ లేదులేరా, తుఫాను మావైపే వస్తోంది’ అంది. అది డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది, నిజమే. కానీ ముందురోజుకే ఇక్కడ వేళచ్చేరి, పళ్లికరణై మునిగిపోయాయి. మా వీధిలో నీళ్లు గడప దాకా వచ్చి ఆగాయి.

నేల ఎత్తుపల్లాలు, పాత తుఫాన్లలో గంటగంటకూ పడ్డ వాన, నది లోతు, సముద్రపు పోటు, వీటన్నిటితో వరదను ముందుగా లెక్కగట్టే సీఫ్లోస్ లాంటి వ్యవస్థ చెన్నైకి ఉంది. మంచిదే. కానీ లెక్క సరిగ్గా వచ్చిందో లేదో తేల్చాల్సింది నీళ్లు నిజంగా ఎక్కిన ఎత్తే కదా. ఆ సాక్ష్యం మా గోడల మీదుంది. పక్కింటిని కూల్చి ఫ్లాట్లు కడుతున్నారు, అక్కడి చార పోయింది. ఎదురింటివాళ్లు టైల్స్ వేయించారు. ఎత్తులు కొలిచే లెవెల్ పరికరంతో అధికారులు ఒక మనిషిని పంపితే పూటలో వీధంతా కొలవచ్చు. అప్పుడు హెచ్చరికలో క్యూసెక్కుల బదులు ‘మీ వీధికి రాత్రి పదింటికి మూడడుగులు’ అని చెప్పడం కుదురుతుంది.

కాస్త త్వరగా పంపితే మేలు. మా చారకు దీపావళి దాకానే గడువిచ్చింది మా ఆవిడ.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రాఫ్ట్స్‌మన్,
జాఫర్‌ఖాన్‌పేట, చెన్నై