అమ్మలూకి

అమ్మలూ,

మూడు ఆదివారాలుగా నీ ఫోన్ లేదు. పని ఎక్కువై ఉంటుందిలే అని మీ అమ్మకు చెబుతున్నాను. బామ్మకు మోకాలి నొప్పి కాస్త నయం. పడమటి గోడ మళ్లీ పెచ్చులూడింది, మేస్త్రీ సోమవారం వస్తానన్నాడు.

నిన్న చిట్టి పిన్ని ఫోన్ చేసింది. నీ పైథాన్ కోడ్‌లో తప్పు కనబడితే ఆపాల్సిన అసర్ట్ సర్వర్ మీద పనిచేయక తప్పుడు ఆర్డర్లు లోపలికి వచ్చేశాయని, నువ్వు రాత్రిళ్లు నిద్రపోవడం లేదని వంశీ చెప్పాడట. నేనేం అడగడం లేదు.

1996లో ఒక చెరకు ఫ్యాక్టరీ కాటాకి సీ భాషలో ప్రోగ్రాం రాశాను. బండి నిండు తూకం, ఖాళీ తూకం గుమస్తా కొడతాడు. నిండుదే ఎక్కువ ఉండాలని అసర్ట్ పెట్టాను. నా మెషీన్ మీద తప్పు కొట్టిన ప్రతిసారీ ఠక్కున ఆగింది. ఫ్యాక్టరీకి ఇచ్చేటప్పుడు మాత్రం వేగం కోసం ఎన్‌డీబగ్ అనే గుర్తు పెట్టి కంపైల్ చేశాను. దాంతో అసర్ట్‌లన్నీ పోయాయి. క్రషింగ్ సీజన్, తెల్లవారకముందే ట్రాక్టర్ల బారు. గుమస్తా నిద్రమత్తులో రెండు తూకాలూ తారుమారు చేశాడు. ఒక రైతు తలగుడ్డ మడతలోంచి చీటీ తీసి నాకిచ్చాడు. మంచుకి మెత్తబడిపోయింది. మైనస్ 3,420 కిలోలు. "నేనే ఎదురు బాకీనా బాబూ?" అన్నాడు. తప్పు నాదేనని మేనేజరు ముందు చెప్పి, కాటా గదిలోనే కూర్చుని ఇఫ్ షరతు పెట్టి సరిచేశాను: తూకం తేడాగా ఉంది, మళ్లీ కొట్టండి అని తెరమీద వచ్చేలా.

గుమస్తా చేతి నుంచీ ఫైల్ నుంచీ వచ్చేది తప్పుగా ఉండటం మామూలేనమ్మా. దాన్ని గుమ్మంలోనే చూసి, ఏది తప్పో చెప్పి వెనక్కి పంపాలి. అసర్ట్ మన లెక్క మీద మనం పెట్టుకునే కాపలా. అది ఆగిందంటే తప్పు మన కోడ్‌ది. సర్వర్‌ని మైనస్ ఓ (-O) ఆప్షన్‌తో నడుపుతున్నారేమో చూడు, అలాగైతే పైథాన్ అసర్ట్‌లను వదిలేస్తుంది. అసర్ట్‌లో షరతునీ సందేశాన్నీ ఒకే బ్రాకెట్లో పెట్టావేమో కూడా చూడు, షరతు తప్పైనా అది ఎప్పుడూ నిజమే అవుతుంది. బయటి నుంచి వచ్చేవాటికి ఇఫ్ పెట్టి, విలువ తప్పైతే వాల్యూఎర్రర్ అనే ఎర్రర్ వచ్చేలా చెయ్యి. భయపడి లోపలి అసర్ట్‌లు పీకేయకు, వస్తువుల ధరలు కూడాక మొత్తం సరిపోయిందా లేదా అన్నది అవే చూడాలి.

సున్నుండలు కొరియర్ వేశాం, బెల్లంవి. కాఫీలు తగ్గించు, రాత్రి పెరుగన్నమైనా తిను. ఫోన్ చెయ్యి తల్లీ, రాత్రి రెండైనా సరే, నేను మెలకువగానే ఉంటున్నాను.

నాన్న