లేపాక్షిలో తలెత్తి చూసేదెవరు?

ఎడిటర్ గారికి నమస్కారం.

లేపాక్షి వెళ్లొచ్చినవాళ్లను ఏం చూశారని అడగండి, కింద నేలకు ఆనకుండా సందు ఉన్న వేలాడే స్తంభం అంటారు, తర్వాత నంది, ఆ తర్వాత గోడ మీద విరూపణ్ణ కళ్లు. ఈమధ్య మా అక్క పిల్లల్ని తీసుకెళ్తే మాదీ అదే వరస. స్తంభం దగ్గర ఒకటే తోపులాట, ఒకరు చున్నీ ఈ పక్క దూర్చి ఆ పక్కనుంచి లాగుతుంటే ఇంకొకరు వీడియో. ఆ మండపంలో డెబ్బై స్తంభాలు ఉంటాయని చెబుతారు, మిగతావాటి మొహం చూసే నాథుడు లేడు.

కళ్ల కథ తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెప్తాను. 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో, విజయనగర అధికారి విరూపణ్ణ, ఆయన సోదరుడు వీరణ్ణ కలిసి ఈ వీరభద్రస్వామి గుడి కట్టించారు. ఇది చరిత్ర. ఖజానా సొమ్ము అడక్కుండా గుడికి పెట్టేశాడని ఎవరో చాడీలు మోస్తే, రాజు కళ్లు పీకించమన్నాడని, ఆ శ్రమ మీకెందుకని విరూపణ్ణే కళ్లు పెరుక్కుని గోడకేసి కొట్టాడని జనం చెప్పుకునే కథ. ఆ ఎర్రటి మరకలు ఇప్పటికీ చూపిస్తారు.

అది నిజంగా నెత్తురేనా అని మా మేనల్లుడు అడిగాడు. ఐదొందల ఏళ్ల నెత్తురు ఇంత ఎర్రగా ఉంటుందేంట్రా అన్నాను, పక్కనున్న పెద్దాయన నావైపు చురచురా చూశాడు. నిజానికి ఆ కథంటే నాకు ఇష్టమే. కప్పు లేకుండా సగంలో ఆగిపోయిన కల్యాణమండపం ఎదురుగా కనిపిస్తుంటే దానికో కారణం అల్లుకోకుండా జనం ఎలా ఉంటారు? శిల్పులు తమ అమ్మ వంట ముగించేలోపు ఏడు పడగల నాగలింగాన్ని చెక్కేశారని, అది చూసి ఆమె నోరెళ్లబెడితే దిష్టి తగిలి రాయి పగిలిందని ఇంకో కథ. ఇవన్నీ చెప్పాల్సిందే.

నా బాధల్లా ఒకటే. అదే విరూపణ్ణ, గుడి లోపలి మండపం కప్పు మీద రంగుల బొమ్మగా ఉన్నాడు! పొడవాటి కుళ్లాయి, పక్కన వీరణ్ణ, వెనక పరివారం. ఎర్రటి నేల రంగు మీద నల్లటి సన్నని గీతతో మనుషుల్ని తీర్చిన తీరు, ఆ ఆడవాళ్ల కొప్పులు, ఒక్కో చీరకు ఒక్కో డిజైను, చూస్తూ ఉండిపోవచ్చు. కొన్నిచోట్ల సున్నం పెచ్చులూడి బొమ్మల మొహాలు సగమే మిగిలాయి. గోడ మీద మరకల్ని తడిమి ఫోటో దిగి వెళ్లిపోతున్నారు గానీ, రెండు కళ్లూ ఉన్న మనిషి తమ నెత్తిమీదే ఉన్నాడని వాళ్లకు చెప్పేవాళ్లే లేరు. గైడ్‌ని తప్పుపట్టను, జనం అడిగిందే ఆయన చూపిస్తాడు.

2022లో ఈ గుడి, నంది యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయని అందరం గొప్పగా చెప్పుకున్నాం. మంచిదే. ముందుగా ఆ మండపంలో పెద్దక్షరాల తెలుగు బోర్డు ఒకటి పెట్టించండి, ఏ బొమ్మలో ఎవరున్నారో, ఏది శాసనాల మాటో, ఏది ఊరి కథో రాసి. నేల మీద స్టాండుకు ఏటవాలుగా ఓ అద్దం పెట్టినా చాలు, మెడ ఎత్తలేని పెద్దవాళ్లు వంగి చూసుకుంటారు, పెద్ద ఖర్చేం కాదు. ఆ స్తంభం చుట్టూ గొలుసు కట్టి, దూరంనుంచి చూడమంటే ఇంకా మేలు. కింద సందు ఉందని తెలియడానికి రోజంతా గుడ్డలు లాగి రాయిని రుద్దక్కర్లేదు కదా.

ఇవన్నీ జరిగేలోపు, బస్సుల్లో బడిపిల్లల్ని తీసుకొచ్చే టీచర్లు ముందు స్తంభం దగ్గరికి కాకుండా ఆ కప్పు కిందికి తీసుకెళ్లొచ్చు. దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

ఇట్లు,
మీ పాఠకుడు