శీనుగాడికి, ఆ ఫారం గురించి

ఒరేయ్ శీనూ,

మూడు వారాలు జవాబివ్వలేదు, తిట్టుకో. ఇక్కడ అందరూ కులాసా, అమ్మ మోకాలు పర్లేదు, మిగతావి ఫోన్లో. మీ అమ్మాయి చిన్ని గురించి "జూన్‌లో కమ్యూనిటీ కాలేజీ కాలిక్యులస్‌లో వేస్తున్నా, ఆరు వారాల్లో అయిపోతుంది, ఇంటర్ వన్-బీయే కదరా" అన్నావే, ఆ కాలేజీ ఫారం మీద సంతకం పెట్టేశావా? పెట్టకపోతే ఆగు!

లెక్క చూడు. మామూలు సెమిస్టర్లో వారానికి 5 గంటల క్లాసు, 16 వారాలు, మొత్తం 80 గంటలు. అదంతా ఆరు వారాల్లో కుక్కితే వారానికి 13 దాటుతుంది. క్లాసుకి రెట్టింపు హోంవర్కు అంటారు వాళ్లు, అంటే రెండూ కలిపి వారానికి 40 గంటలు. రోజుకో కొత్త పాఠం: సోమవారం చైన్ రూలు, మంగళవారం ఇంప్లిసిట్, బుధవారం రిలేటెడ్ రేట్స్. గోడకి ఆనించిన నిచ్చెన జారే లెక్కలో పిల్లలు కింది దూరం 6 అడుగులని ముందే వేసేసి, తర్వాత డిఫరెన్షియేట్ చేస్తారు. అంకెకి డెరివేటివ్ సున్నా కదా, నిచ్చెన కదలదు! ఆ తప్పు ఒంట్లోంచి పోవడానికి నాలుగు రోజులు పడుతుంది. అక్కడ దొరికేది ఒక్క రాత్రి.

సి గ్రేడు వచ్చిందనుకో, అది కాలేజీ ట్రాన్స్‌క్రిప్టు (మార్కుల రికార్డు), జన్మంతా వెంటే. యూసీకి (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) చూపాలి, రేపు మెడికల్ స్కూలుకీ చూపాలి. గడువు దాటాక మానేస్తే దాని మీద డబ్ల్యూ (మధ్యలో మానేసినట్టు గుర్తు) పడుతుంది. పైగా నువ్వు రోజూ రాత్రి స్కూలు పోర్టల్ తెరిచి మార్కులు చూస్తావే, గూఢచారీ, అక్కడ ఆ పప్పులుడకవు. ఫెర్పా (విద్యార్థుల రికార్డుల గోప్యత) చట్టం ప్రకారం కాలేజీలో చేరితే పదహారేళ్లదైనా రికార్డు మీద హక్కు పిల్లదే. అది ఒప్పుకోందే సాధారణంగా నీకు చెప్పరు.

దానికి బదులు స్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కాలిక్యులస్, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ వాళ్ల ఏపీ బీసీ (సర్టిఫికెట్ ఎమ్మార్వో ఇస్తాడా అని మీ నాన్నగారు అడిగారుగా!) ఏడాదంతా నడుస్తుంది, మేలో పరీక్ష. క్లాసు గ్రేడు వేరు, పరీక్ష స్కోరు వేరు. బీసీ తడబడినా అందులోని ఏబీ (తేలిక స్థాయి) భాగానికి సబ్‌స్కోరు విడిగా ఇస్తారు. ఎంఐటీ అయితే బీసీలో 5 వస్తే మొదటి కాలిక్యులస్‌కి క్రెడిట్ ఇస్తుంది. హైస్కూలు డిప్లొమాకి వాడుకున్న కాలేజీ కోర్సుకి చాలా ప్రైవేటు యూనివర్సిటీలు క్రెడిట్ ఇవ్వవు. అన్నట్టు నువ్వే చెబుతానని కూర్చోకు, బీసీలో ఉండే సిరీస్ కన్వర్జెన్సూ టేలర్ సిరీసూ మన ఇంటర్లో లేవు.

కాలేజీ వద్దనడం లేదురా. బీసీ అయ్యాక దాని తర్వాతి మల్టీవేరియబుల్ కాలిక్యులస్‌కి అదే మంచి దారి, కానీ ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్లో. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో ఫీజు యూనిట్‌కి (కోర్సు బరువు కొలత) 46 డాలర్లు, 11 యూనిట్లు మించకపోతే హైస్కూలు పిల్లలకి చాలాచోట్ల మాఫీ. పుస్తకం, హోంవర్కు కోడు ఖర్చు మనదే కావచ్చు. సీట్లు మాత్రం రెగ్యులర్ వాళ్లు తీసుకున్నాకే. వెయిట్‌లిస్టులో ఉన్నా మొదటి రోజు వెళ్లి క్లాసులో కూర్చోవాలి, రానివాళ్ల సీట్లు అప్పుడే పంచుతారు. ఆ కోర్సు యూసీలో దేనికి సమానమో అసిస్ట్ సైటులో ముందే చూసుకో, పేరు ఒకటే అయినంత మాత్రాన సరిపోదు.

ఇంతకీ చిన్నికి ట్రిగనామెట్రీ ఎలా ఉందో చెప్పనే లేదు. యూనిట్ సర్కిల్ దగ్గరే తడుముకుంటుంటే ఈ గొడవంతా పక్కన పెట్టి ముందు... అరె, లైబ్రరీలో లైట్లు ఆర్పేస్తున్నారు. ఫారం దాచెయ్, రాత్రికి ఫోన్ చెయ్.