సీటు రానివాళ్లకు బోటనీ శిక్షా?

సంపాదకుడు గారికి,

నీట్ ఫలితాలు వచ్చిన ప్రతిసారీ పేపర్ల నిండా ర్యాంకర్ల ఫొటోలే. సీటు రానివాళ్ల ఊసుండదు. ఇంట్లోవాళ్లేమో "ఇక బీఎస్సీ బోటనీయేనా" అంటూ కొంప మునిగినట్టు మాట్లాడతారు. రిటైరైన బోటనీ లెక్చరర్‌ని కాబట్టి నాకు మంట కాస్త ఎక్కువే అనుకోండి. ఆ పిల్లలకు కార్నీల్ ఎవాంగో గురించి ఎవరైనా చెబితే బాగుండు.

కాంగో దేశస్థుడు. ఈయనా డాక్టర్ అవుదామనుకున్నవాడే. అడవి జంతువులను వేటాడి బతికిన కుటుంబం, ఆ డబ్బులతోనే చదువు (ఈ సంగతి ఆయన ఎక్కడా దాచుకోలేదు, అది నాకు నచ్చింది). చివరికి వృక్షశాస్త్రంలోకి వచ్చి, ఈశాన్య కాంగోలోని ఇటూరి అడవిలో, ఒకాపి అభయారణ్యంలో మొక్కల విభాగం చూసుకునే పనిలో చేరాడు. ఒకాపి అంటే జిరాఫీకి దగ్గరి చుట్టం, కాళ్ల మీద మాత్రం జీబ్రా చారలు.

అక్కడికి యుద్ధం వచ్చింది. పైఅధికారులు చాలామంది వెళ్లిపోయారు, ఎవాంగో ఓ ముప్పై మంది చిన్న ఉద్యోగులతో ఉండిపోయాడు. తుపాకులవాళ్లు ఏనుగు దంతాల కోసం, కోల్టాన్ కోసం అడవిలో దిగారు. మన సెల్‌ఫోన్లలో వాడే టాంటలం ఆ ఖనిజంలోంచే తీస్తారు. అంత గందరగోళంలో ఈయన కాపాడింది ఏమిటంటే ఎండు మొక్కల హెర్బేరియం, కంప్యూటర్లు, 14 ఏళ్లుగా 3,80,000 చెట్ల మీద రాసిపెట్టుకున్న లెక్కలు. ఎండుటాకుల కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవడం ఏమిటి అంటారేమో. ఏ చెట్టు ఎన్నేళ్లలో ఎంత లావెక్కింది, ఏది పడిపోయింది అన్న లెక్క ఒకసారి పోతే, ఎంత డబ్బు పోసినా ఆ ఏళ్లను మళ్లీ కొలవలేం కదా! మూడు నెలలు అడవిలోనే తలదాచుకున్నాడు, వేట ఆపించమని సైనిక కమాండర్లనే వెళ్లి అడిగాడు. 2005లో గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి వచ్చింది. తర్వాత అక్కడి చెట్లను అల్లుకునే తీగల మీద నెదర్లాండ్స్‌లో పీహెచ్‌డీ చేశాడు.

అడవి అంటే పులీ, దాని వెనక గార్డూ అన్నట్టే రాస్తారు పేపర్లలో. మొక్కలకు పేరు పెట్టి, కొలిచి, భద్రం చేసేవాళ్లు ఎవరికీ కనపడరు. మన హైదరాబాద్‌లోనే బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా కేంద్రం ఉంది, హెర్బేరియం ఉంది. అక్కడ ఏం పని జరుగుతుందో, అందులోకి వెళ్లాలంటే ఏం చదవాలో ఈసారి ఫలితాలప్పుడు మీ చదువుల పేజీలో ఒక్క వ్యాసం వేయించండి. ర్యాంకర్ల ఫొటోలు ఒక వరుస తగ్గినా ఫర్వాలేదు.

– ఒక పాఠకుడు, ఖమ్మం