పుండు మానింది, కాలు చాపలేకపోతోంది

అయ్యా,

నాలుగేళ్ల కింద చలికాలంలో పొయ్యి మీది కాగు ఒరిగి, మసిలే నీళ్లు మా పాప కుడికాలి మీద పడ్డాయి. అప్పుడు తనకు మూడేళ్లు. పుండు మానగానే ఇంటికి పంపారు. ఆ తర్వాత ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. పాప ఎదిగింది, మచ్చ ఎదగలేదు. గట్టిపడ్డ చర్మం సాగక మోకాలు వంగిపోయింది, మడమ నేలకు ఆనడం లేదు. దురదతో రాత్రంతా రక్కుకునేది, పాపం.

మోకాలు చాచి ఉంచే స్ప్లింటు, రోజుకు 23 గంటలు వేసి ఉంచే బిగుతు తొడుగు, నూనె మర్దన, ఫిజియోథెరపీ మొదటి నెలల నుంచే ఉంటే ఇంత ముడుచుకునేది కాదని ఇప్పుడు తెలిసింది. ఇక ఆపరేషన్ చేసి మచ్చను వదులు చేయాలి, చర్మం అతకాలి. ఎదిగే పిల్ల కాబట్టి అది మళ్లీ అవసరం పడొచ్చట.

డిశ్చార్జి రోజే ఈ జాగ్రత్తలు తెలుగులో రాసివ్వాలి. ములుగు, భూపాలపల్లి కూలి తల్లులు వారం వారం వరంగల్ రాలేరు. కాలిన పిల్లలను ఆశా కార్యకర్తలు ఎదుగుదల ఆగేదాకా ఇంటికెళ్లి చూడాలి. తొడుగులు ఉచితంగా ఇవ్వాలి, పిల్లలు ఎదిగినప్పుడల్లా కొలత మార్చి మరీ.

– ఒక తల్లి, పరకాల