ఆరు టిన్నులు ఎందుకమ్మా

చి. ల. సౌ. చిన్నమ్మలుకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

నువ్వు ఫోన్ ఎత్తి పంతొమ్మిది రోజులైంది. పని ఒత్తిడిలో ఉంటావని తెలుసు కనుక ఆ విషయం ఎత్తను. బ్రెడ్ కాల్చే టిన్ను సంగతి మాత్రమే రాస్తాను. ఏది కొనాలని అడిగింది నువ్వే. నేను కనుక్కుని చెప్పేలోగా ఆరు తెప్పించావని రాజోలు అత్తయ్య చెప్పింది. ఒంటి మనిషి ఉండే ఇంట్లో ఆరు టిన్నులు ఏం చేస్తాయో నాకు బోధపడలేదు. పోనీ, అది తరవాత మాట్లాడుకుందాం.

ముందు నువ్వు పంపిన ఫోటో సంగతి. అందులో బ్రెడ్, టిన్ను అంచుకు అంగుళం కిందే ఆగిపోయి, పైన పీటలాగా చదునుగా ఉంది. ఈస్టు చచ్చిపోయిందని మీ అమ్మ తేల్చేసింది. కోసిన చోట గుల్ల చక్కగా ఉంది కనుక నాకు ఆ అనుమానం లేదు. మూడు కప్పుల మైదాకు ఎనిమిదిన్నర అంగుళాల పొడవు, నాలుగున్నర వెడల్పు ఉన్న టిన్ను చాలు. నువ్వు వాడింది తొమ్మిదికి అయిదు. అర అంగుళం తేడాకు ఏమవుతుందని అంటావు. మొదటిది 38.25 చదరపు అంగుళాలు, రెండోది 45. అంటే నూటికి దాదాపు 18 వంతులు ఎక్కువ, లోతు కూడా ఎక్కువైతే తేడా ఇంకా పెరుగుతుంది. గోడల ఆసరా అందని పిండి పైకి లేవటం మాని పక్కలకు పరుచుకుంటుంది. టిన్నులో పెట్టినప్పుడు పిండి సగానికి కాస్త పైన ఉండాలి. అది పొంగి అంచు దాటి సుమారు అంగుళం లేచాక ఒవెన్‌లోకి వెళ్ళాలి. ఈ లెక్కలు చూసుకోకుండానే ఆరు కొన్నావంటే, ఆ ఆరూ తొమ్మిదికి అయిదువేనా?

పాత్ర సంగతి ఎంతటిదో మన ఇంట్లో వాళ్ళకు ఒకరు చెప్పాలా? 1986 ఆగస్టు వరదకు మేమంతా గోదావరి వశిష్ఠ పాయ గట్టు మీదికి చేరినప్పుడు మీ నాయనమ్మ దిబ్బరొట్టెకు రుబ్బిన పిండిని తపేలాతో సహా మోసుకొచ్చింది గాని మూకుడు మరిచిపోయింది. పారబోయటానికి ఆవిడకు మనసు రాలేదు. పక్క గుడారం వాళ్ళిచ్చిన వెడల్పాటి పలచని అల్యూమినియం బేసిన్‌లోనే నూనె వేసి పిండి పోసింది. అడుగు బొగ్గయింది, పైన పచ్చిగా ఉండిపోయింది, మందమేమో అట్టంత. ఆవిడ ఎవరినీ ఏమీ అనకుండా మీ తాతయ్య వంక చూసింది. ఆయన నాటు పడవ వాడిని బతిమాలుకుని, నడుము లోతు నీళ్ళలో ఇంటికి వెళ్ళి, అటక మీద ఉన్న పొలం కాగితాల పెట్టెను అక్కడే వదిలేసి, ఇనప మూకుడు మాత్రం నెత్తిన పెట్టుకుని తిరిగి వచ్చారు. కాగితాల గురించి మా పెదనాన్న పెట్టిన రభస ఇప్పుడు వద్దులే. ఆ సాయంత్రం మిగిలిన పిండిని మూకుడులో మూడు వేళ్ళ మందాన పోసి, మూత మీద కొబ్బరి చిప్పల నిప్పులు పరిచి, సన్నని సెగ మీద అరగంట పైగా ఉంచితే, చుట్టూ కరకరలాడుతూ, లోపల దూదిలా ఉన్న రొట్టె దిగింది. చుట్టుపక్కల పిల్లలందరికీ తలా ఒక ముక్క వచ్చింది. పిండి అదే, చేసిన చేయి అదే.

కాబట్టి టిన్ను మందంగా ఉండాలి. లేత రంగు అల్యూమినియం అయితే వేడి అన్ని వైపులా సమంగా అందుతుంది. నల్లని నాన్‌స్టిక్ టిన్ను పక్కలను త్వరగా మాడుస్తుంది కనుక వేడి పది పదిహేను డిగ్రీలు తగ్గించుకో. చాకు మొన పెట్టి లాగకు. గాజుది నిదానంగా వేడెక్కుతుంది, ఆ వేడి వదలదు. తడి గట్టు మీద పెట్టావంటే పగులుతుంది. చిన్నప్పుడు లాంతరు చిమ్నీ మీద నీళ్ళు చిలకరించి చేయి కోసుకున్నావు, ఆ మచ్చ చూసుకో. సిలికాన్‌ది మెత్తగా ఒంగిపోతుంది, దాని జోలికి పోవద్దు. మూత ఉన్న పొడవాటి దాన్ని పుల్‌మన్ అంటారు. పేరు అమెరికా రైలు పెట్టెల నుంచి వచ్చిందట. నలుచదరపు ముక్కలు కావలసిన వాళ్ళకు, అంటే అమ్మేవాళ్ళకు, అది బాగుంటుంది. ఇంట్లో తినటానికి అవసరం లేదు. బ్రెడ్ దింపాక పది నిమిషాలకు మించి టిన్నులో ఉంచకు, అడుగు చెమర్చి నానిపోతుంది. అమలాపురంలో ఒక బేకరీ ఆయన పక్కన గంటసేపు కూర్చుని ఇవన్నీ తెలుసుకున్నాను. తెల్లవారుజామున రెండింటికి లేస్తాడట. కళ్ళ కింద నల్లగా ఉంది పాపం.

మరొక లెక్క. టిన్ను చుట్టూ గాలి తిరగటానికి రెండేసి అంగుళాలు వదలాలి. నీ ఒవెన్‌లో, నేను పండక్కి చూసిన దాన్ని బట్టి, ఒకేసారి రెండుకు మించి పట్టవు. మరి మిగతా నాలుగు? ఆఫీసు లాప్‌టాప్ తిరిగి ఇచ్చేశావని కూడా అత్తయ్య అంది, నేను నమ్మలేదు. నమ్మితే బ్రెడ్ గురించి ఇంత తీరికగా రాసేవాడినా? ఒకవేళ నిజమే అయినా నాతో చెప్పటానికి భయమెందుకు? నేను కోప్పడి ఎన్నేళ్ళయింది?

మీ అమ్మ ఆత్రేయపురం పూతరేకులు, ఇంటి నెయ్యి శనివారం బస్సుకు పంపిస్తోంది. నెయ్యి టిన్నుకు రాయటానికి కాదు, అన్నంలోకి. ఒవెన్ లోపలి కొలతలు టేపు పెట్టి చూసి రాయి. ఆరింటిలో ఎన్నిటికి ఇంకా అట్టపెట్టె విప్పలేదో కూడా రాయి, వాపసుకు గడువు ఉంటుంది కదా. అన్నీ విప్పేసి ఉంటే ఒకటి ఇటు పంపు. అందులో ఎన్ని నీళ్ళు పడతాయో లీటరు చెంబుతో కొలిచి, ఎంత మైదాకు సరిపోతుందో లెక్క కట్టి పంపిస్తాను.

ఆశీస్సులతో,
నాన్న