పాలక సభకు మేం రావడం లేదంటున్నారు, మంత్రి గారూ

మహారాష్ట్ర పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది గడ్చిరోలి జిల్లా సిరోంచా తాలూకాలో ఒక ఊరు. బట్టలు కుట్టుకుని బతుకుతాను. మా ఊరి జిల్లా పరిషత్ బడిలో నా కొడుకు నాలుగో తరగతి. ఆ బడి వ్యవస్థాపన సమితిలో, అంటే బడి పనులు చూసే కమిటీలో, నేనూ మెంబర్నే. ఇప్పుడు రాయబోయే విషయం మీద మొదట హెడ్‌మాస్టర్ గారికి, తర్వాత చుట్టుపక్కల బడులను చూసుకునే కేంద్ర ప్రముఖ్ గారికి, ఆ తర్వాత పంచాయతీ సమితి ఆఫీసులో అర్జీలు ఇచ్చాను. నేను తెలుగులో రాసిస్తే పక్కింట్లో పదో తరగతి చదివే అమ్మాయి మరాఠీలోకి మార్చి పెట్టింది. మూడింటిలో ఒక్కదానికీ జవాబు లేదు. అందుకే ఈసారి నాకు వచ్చిన భాషలోనే, నలుగురూ చదివేలా రాస్తున్నాను.

బడిలో తల్లిదండ్రులను పిలిచి పెట్టే మీటింగును ఇక్కడ పాలక సభ అంటారు. పోయిన పాలక సభకు పైనుంచి ఒక అధికారి వచ్చారు. మేం వచ్చింది ఏడుగురం. ఖాళీగా ఉన్న చాపల వైపు చూసి ఆయన ఏదో అన్నారు. ఇక్కడి తల్లిదండ్రులకు పిల్లల చదువు పట్టదు అన్నారని తర్వాత తెలిసింది. ఆ మాట నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

అయ్యా, ఆ సభ పెట్టింది పని రోజున, పొద్దున పదకొండు గంటలకు. విదర్భలో బడులు తెరిచేదే జూన్ ఆఖర్లో. అప్పుడే వానలు పడతాయి, అప్పుడే పత్తి గింజలు పెట్టాలి, నారు పోయాలి. ఆ రోజు కూలికి పోకపోతే ముఠాలో మనిషిని మార్చేస్తారు. జనవరి నుంచి మిర్చి ఏరడానికి సగం ఊరు నది దాటి తెలంగాణ వైపు పోతుంది. పిల్లలు ముసలివాళ్ల దగ్గర ఉంటారు. ఎండాకాలం వస్తే ఇప్పపూలు, ఆ వెనకే తునికాకు. ఇవన్నీ బడిలో పనిచేసే సార్లకు తెలియనివి కావు. సాయంత్రం ఏడు గంటలకు పిలిచి చూడండి, ఎవరికి పట్టదో అప్పుడు చెప్పండి.

కానీ నా అసలు బాధ టైమ్ గురించి కాదు. వచ్చిన ఏడుగురికీ అక్కడ జరిగింది అర్థం కాలేదు. మా ఇళ్లలో తెలుగు, బడిలో మరాఠీ. మొదటిసారి చీటీ వచ్చినప్పుడు పాలక సభ అని చదివి వినిపిస్తే, మా అత్తమ్మ అది సర్పంచులకు, పెద్ద మనుషులకు అనుకుంది. మాకు పాలకులంటే మమ్మల్ని ఏలేవాళ్లు. మరాఠీలో పాలక్ అంటే తల్లీ తండ్రీ అని మాకు ఎవరు చెప్పారు? మా దగ్గర మాడియా, గోండి మాట్లాడే ఇళ్లు కూడా ఉన్నాయి. వాళ్ల పరిస్థితి మాకంటే కష్టం.

నా కొడుకు సంగతి చెప్తాను. వాడు మూడో తరగతిలో ఉన్నప్పుడు సార్ నన్ను పిలిపించారు. సార్‌ది చాలా దూరపు జిల్లా, తెలుగు రాదు, అది ఆయన తప్పు కాదు. వాడి ప్రగతి పుస్తకం తెరిచి, ఒక లైను కింద వేలు పెట్టి, ఓపిగ్గా రెండుసార్లు చదివారు. అందులో లక్ష అనే ముక్క ఒక్కటే నాకు తెలిసింది. ఏమంటున్నారురా అని పక్కనే నిలబడ్డ వాణ్ణే అడిగాను. వాడు నేల చూసి, "లక్షల్లో ఒకడినంట అమ్మా" అన్నాడు. సార్‌కు రెండు చేతులెత్తి దండం పెట్టి వచ్చాను. ఆ రాత్రి మా చెల్లెలికి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను. నెల తర్వాత పక్కింటి అమ్మాయి ఆ పుస్తకం చూసి చెప్పింది. 'అభ్యాసాత్ లక్ష దేత్ నాహీ' అని ఉందట. అంటే చదువు మీద ధ్యాస పెట్టడం లేదని. నేను వాణ్ణి కొట్టలేదు. తొమ్మిదేళ్ల పిల్లవాడు తన మీద వచ్చిన ఫిర్యాదును తానే తల్లికి మార్చి చెప్పాల్సి వస్తే ఇంకేం చెప్తాడు? కానీ ఆ నెల రోజులు పోయాయి. భాగహారాల్లో వాడు వెనకబడ్డాడని నాకు అప్పుడే తెలిసి ఉంటే రోజూ మిషన్ పక్కన కూర్చోబెట్టుకుని చేయించేదాన్ని. నేను పదో తరగతి పాసయ్యాను సార్, తెలుగు మీడియంలో, కాళేశ్వరం దగ్గర మా పుట్టింట్లో ఉండి.

సమితిలోనూ ఇదే. 2025-26 నుంచి యూనిఫాం కొనే బాధ్యత మళ్లీ సమితులకే వచ్చింది. మీటింగులో గుడ్డ ముక్క తిప్పారు. నా చేతికి వచ్చినప్పుడు రెండు వేళ్ల మధ్య నలిపి చూశాను. గంజి పిండిలా రాలింది. రెండు ఉతుకులకు పలచబడుతుంది, కుట్టు దగ్గర పోగులు జారిపోతాయి అని నాకు అక్కడే తెలుసు. పదిహేనేళ్లుగా చేస్తున్న పని అది. కానీ ఆ మాట మరాఠీలో ఎలా అనాలి? సంతలో బేరం ఆడే మరాఠీ వచ్చు, సభలో కాదనే మరాఠీ రాదు. ఠరావు, అంటే తీర్మానం, రాశారు. రిజిస్టర్ నా ముందుకు జరిపారు. తెలుగులో సంతకం పెట్టాను. దీపావళి సెలవులు రాకముందే పిల్లలు చంకల దగ్గర చిరిగిన చొక్కాలు తెచ్చి నా దగ్గరే కుట్టించుకున్నారు. ఎవరి దగ్గరా డబ్బులు తీసుకోలేదు. ఆ ఠరావు కింద నా పేరు ఉంది కదా.

2009 విద్యా హక్కు చట్టం గురించి ఫోన్‌లో తెలుగులో దొరికితే చదివాను. సమితిలో నలుగురికి ముగ్గురు తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది ఆడవాళ్లు ఉండాలని 21వ సెక్షన్. మా బడిలో ఆ లెక్క సరిగ్గానే ఉంది. టీచర్లు తల్లిదండ్రులను క్రమం తప్పకుండా కలిసి పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, ప్రగతి తెలియజేయాలని 24వ సెక్షన్. తెలియజేయడం అంటే మాకు తెలియాలి కదా సార్. ఇంకెవరికో అర్థమయ్యే భాషలో చదివితే అది తెలియజేసినట్టా?

మా చెల్లెలు నది అవతల ఉంటుంది. అక్కడ 2024లో పెట్టిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో ఉంది. నాకంటే రెండు తరగతులు తక్కువే చదివింది. కాగితం చదువుతుంది, బిల్లు అడుగుతుంది, నల్లా పనిచేయకపోతే గట్టిగా మాట్లాడుతుంది. మా ఇద్దరి మధ్య తేడా ఒక వంతెన, అంతే.

మరాఠీ వద్దని నేను అనడం లేదు. నా కొడుకు ఇక్కడే బతకాలి, వాడికి మంచి మరాఠీ రావాలి. 2025లో ఒకటో తరగతి నుంచి మూడో భాష అన్నప్పుడు, అంత చిన్నపిల్లల మీద ఆ భారం వద్దని రాష్ట్రమంతా మాట్లాడింది. జూన్ 29న ప్రభుత్వం ఆ జీఆర్‌లను, అంటే ఆ ఉత్తర్వులను, వెనక్కి తీసుకుంది. సంతోషించాను. మా పిల్లలైతే ఒకటో తరగతిలో అడుగుపెట్టిన రోజే ఇంట్లో వినని భాషలో కూర్చుంటారు. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు ఉండాలని రాజ్యాంగంలో 350-ఎ ఉంది. ఇప్పుడు నేను అంత పెద్దది కూడా అడగడం లేదు.

సభలో పక్కన తెలుగు చెప్పే మనిషిని ఒకరిని కూర్చోబెట్టండి. మా ఊళ్లోనే రెండు భాషలూ వచ్చిన చదువుకున్న పిల్లలు ఉన్నారు, పిలిస్తే ఊరికే వస్తారు. ఠరావు మీద సంతకం తీసుకునే ముందు తెలుగులో చదివి వినిపించండి. ప్రగతి పుస్తకంలో ఒక్క లైను, ఒక్కటే లైను, తెలుగులో రాయించండి. సాయంత్రం పూట పిలవండి. మిర్చి పనుల రోజుల్లో అమ్మమ్మలను, నానమ్మలను పిలవండి. కాదని మీరు అనుకుంటే, ఎందుకు కాదో చెప్పమని ఆ మూడు అర్జీలకు జవాబైనా ఇప్పించండి. మాకు పట్టదని మాత్రం రాసుకోవద్దు సార్. ఆ ఒక్క మాట వెనక్కి తీసుకోమనండి.

నిన్న మళ్లీ చీటీ వచ్చింది. వచ్చే బుధవారం, పదకొండు గంటలకు. నా కొడుకే చదివి చెప్పాడు. ఈసారి ఒక్కో ముక్క కింద వేలు పెట్టి, ఏదీ వదలకుండా, మెల్లగా చదివాడు. బుధవారం నేను మిషన్ ఆపేసి వెళ్తాను.

ఇట్లు,
ఒక తల్లి,
పాఠశాల వ్యవస్థాపన సమితి సభ్యురాలు,
సిరోంచా తాలూకా, గడ్చిరోలి జిల్లా